సెల్ టవర్ సిగ్నల్‌తో వారధి మీద బస్సు వేగం పట్టడం

పాసివ్ రాడార్‌లో మనం ఏమీ ప్రసారం చేయం. టవర్ ఎలాగూ వదులుతున్న సిగ్నల్ బస్సుకు తగిలి వెనక్కొస్తుంది. దాన్ని టవర్ నుంచి నేరుగా వచ్చినదానితో పోల్చి వేగం లెక్కగడతాం. మొదలుపెట్టడానికి 4జీ కన్నా 900 మెగాహెర్ట్జ్ 2జీయే నయం. దూరం సరిగ్గా తెలియకపోయినా వేగం బాగా తెలుస్తుంది.

సగం పని చోటు ఎంచుకోవడంలోనే ఉంది. విజయవాడలో అయితే కృష్ణలంక వైపు, కనకదుర్గ వారధి కొన దగ్గర, వంతెన పొడవునా కనిపించే మేడ కావాలి. టవర్ వెనకా, వారధి ఎదుటా ఉండాలి. వంతెనను పక్క నుంచి చూస్తే బస్సు సరిగ్గా మన ఎదుట దాటేటప్పుడు డాప్లర్ (కదలిక వల్ల సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు) సున్నా అయిపోతుంది. టవర్‌కూ మనకూ మధ్యలో ఉన్న రోడ్డు అసలు పనికిరాదు.

సామాను: 900 బ్యాండ్ యాగీలు (ఒక వైపే చూసే యాంటెన్నాలు) రెండు, 2 మీటర్లు దాటని సమాన కేబుళ్లు, క్రాకెన్‌ఎస్‌డీఆర్ (కంప్యూటర్‌కు తగిలించే ఐదు ఛానళ్ల రేడియో రిసీవర్), ల్యాప్‌టాప్. ఐదు ఛానళ్లలో రెండు చాలు. చవకని రెండు విడి ఆర్‌టీఎల్ డాంగిళ్లు (యూఎస్‌బీ రేడియో రిసీవర్లు) కొంటే తిప్పలే: రెండింటికీ ఒకే 28.8 మెగాహెర్ట్జ్ క్లాక్ ఇచ్చినా యూఎస్‌బీలో శాంపిళ్లు ఒకేసారి మొదలవవు. క్రాకెన్ లోపలి నాయిస్ సోర్స్‌తో ఆ తేడాను తనే సరిచేస్తుంది. దానికి 5 వోల్టుల, 3 ఆంపియర్ల విడి అడాప్టర్ పెట్టండి.

935–960 మెగాహెర్ట్జ్ మధ్య కాలిబ్రేట్-ఆర్‌టీఎల్ అనే ప్రోగ్రామ్‌తో స్కాన్ చేసి, బలమైన ఛానల్ తీసుకోండి. అది చూపేవి బీసీసీహెచ్ క్యారియర్లు (టవర్ తన వివరాలను ఎప్పుడూ ప్రకటించే ఫ్రీక్వెన్సీలు). కాల్స్ లేకున్నా అన్ని స్లాట్లలోనూ (సిగ్నల్‌ను పంచే చిన్న కాలపు ముక్కల్లో) నిండు పవర్ ఉంటుంది. కాల్స్ మోసే ట్రాఫిక్ క్యారియర్ అయితే స్లాట్లు ఆగి ఆగి వస్తాయి, స్క్రీన్ మీద బస్సును చూపే అసలు గీతకు అటూ ఇటూ 217 హెర్ట్జ్‌లో దొంగ గీతలు పడతాయి. కాల్ వచ్చే ముందు ఫోన్ పక్కనున్న స్పీకర్ గరగరలాడేదీ ఈ 217 వల్లే.

ఒక యాగీ (రెఫరెన్స్) టవర్ వైపు, రెండోది (సర్వైలెన్స్) వారధి వైపు తిప్పండి. రెండోదానికీ టవర్‌కూ మధ్య మెట్ల గది అడ్డం రావాలి. నీళ్లు నిండిన ట్యాంకైనా పర్లేదు, ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు మాత్రం అడ్డమే కాదు. ఆటో గెయిన్ (సిగ్నల్‌ను రిసీవరే తనంతట పెంచి తగ్గించడం) ఆపేయండి. రిసీవర్ 8 బిట్లకు సుమారు 48 డెసిబెల్సే దక్కుతాయి కాబట్టి, శాంపిళ్లు అంచులకు తగలనంత వరకే గెయిన్ పెంచండి.

సెకనుకు 1.024 మెగాశాంపిళ్లు తీసుకుని 256 కిలోశాంపిళ్లకు తగ్గించండి. 0.5 సెకన్ల ముక్క తీసుకుని, రెఫరెన్స్‌ను 0 నుంచి 15 శాంపిళ్ల దాకా జరిపిన కాపీలను లీస్ట్ స్క్వేర్స్ (మిగులు వీలైనంత తగ్గేలా లెక్కగట్టే పద్ధతి)తో సర్వైలెన్స్ నుంచి తీసివేయండి. ఇది వదిలేస్తే సున్నా దగ్గరి మందపాటి గీత బస్సును మింగేస్తుంది. తర్వాత ఒక్కో జాప్యానికి రెఫరెన్స్ కాంప్లెక్స్ కాంజుగేట్‌తో గుణించి ఎఫ్‌ఎఫ్‌టీ (ఫ్రీక్వెన్సీలను విడదీసే లెక్క) చేసి, ±300 హెర్ట్జ్ వరకే చూడండి.

940 మెగాహెర్ట్జ్ దగ్గర, బస్సు మనకు ఎదురుగా వస్తుంటే హెర్ట్జ్‌ను 0.574తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. 104 హెర్ట్జ్ కనిపిస్తే దాదాపు 60. దూరమవుతుంటే మైనస్ వైపు పడుతుంది.

సున్నాకు రెండు వైపులా కదలకుండా నిలిచిన జంట గీతలుంటే ముందు మేడ మీది ఏసీ అవుట్‌డోర్ ఫ్యాన్ ఆపి చూడండి. చెట్లూ, కృష్ణ అలలూ సున్నా పక్కన కొన్ని హెర్ట్జ్‌ల మసక వేస్తాయి. నెమ్మది పడవలు అందులోనే కలిసిపోతాయి. వాహనాలన్నీ ఒకే దూరం వరుసలో పడితే కంగారుపడొద్దు. 200 కిలోహెర్ట్జ్‌తో దారి తేడా 1.5 కిలోమీటర్లు ఉంటేనే విడిగా తెలుస్తుంది.

సిగ్నల్‌ను పోల్చడం వరకే. కాల్స్, మెసేజ్‌లు విప్పిచూడటం నేరం.

దూరం కూడా కావాలంటే 4జీకి మారాలి. 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పుతో 125 మీటర్ల దారి తేడా పట్టొచ్చు. కానీ 4జీ సిగ్నల్ నిండుదనం వాడకాన్ని బట్టి మారుతుంది, అర్ధరాత్రి పలచబడుతుంది. సాయంత్రం రద్దీలోనే ప్రయత్నించండి.