గొడవ ఎలా పెద్దదవుతుంది? 3వ పాఠం: కుడి గడి

పోయిన పాఠంలో తేదీల వరుస రాశాం కదా, ఆ పేజీకి నడుమ నిలువుగా ఒక గీత గీయండి. ఎడమ గడిలో ‘ఏం అడిగారు’, కుడి గడిలో ‘ఏం జవాబొచ్చింది’.

బ్రిటన్ పాలనలో ఉన్న ఉత్తర ఐర్లండ్‌తో మొదలుపెడదాం. 1968 జూన్, క్యాలెడన్ అనే పల్లె. కాథలిక్ కుటుంబాలు ఇళ్ల కోసం ఎదురుచూస్తుంటే, స్థానిక కౌన్సిల్ కట్టి అద్దెకిచ్చే ఇల్లు ఒకటి పెళ్లికాని 19 ఏళ్ల ప్రొటెస్టెంట్ అమ్మాయికి ఇచ్చారు. ప్రాంతీయ పార్లమెంటు సభ్యుడు ఆస్టిన్ కర్రీ ఆ ఇంట్లోకి వెళ్లి బైఠాయించారు. ఎడమ గడిలో ఏం రాస్తారు? ‘ఒక ఇల్లు.’ అంతే. ‘ఐర్లండ్ ఏకం కావాలి’ అని రాశారా, కొట్టేయండి. చివర ఏమైందో తెలుసు కాబట్టి దాన్ని మొదట్లోకి తోసేస్తాం. నేనూ మొదట్లో అలాగే రాశాను.

రెండో వరుస: అక్టోబర్ 5, డెర్రీ నగరం. ఊళ్లో కాథలిక్కులే ఎక్కువ, కార్పొరేషన్ మాత్రం యూనియనిస్టులది, అంటే బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్లది; వాళ్లలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లే. వార్డుల గీతలు అలా గీశారు మరి. పైగా స్థానిక ఎన్నికల్లో అందరికీ ఓటు లేదు. అడిగింది ఇళ్లు, ఉద్యోగాలు, మనిషికో ఓటు. హోంమంత్రి విలియం క్రెయిగ్ ఊరేగింపును నిషేధించారు. అయినా కొన్ని వందల మంది వచ్చారు. డ్యూక్ స్ట్రీట్‌లో పోలీసులు ముందూ వెనకా దారి మూసి లాఠీలతో బాదారు. ఎంపీ జెరీ ఫిట్ తల పగిలి, నెత్తురు చొక్కా మీదికి కారింది. ఐరిష్ టీవీ కెమెరా అదంతా తీసింది. వీధిలో వందల మంది చూసింది ఆ రాత్రి దేశమంతా చూసింది.

ఇప్పుడు మూడో వరుసలో ఎడమ గడి చూడండి. ఇల్లు, ఓటు అలాగే ఉన్నాయి, వాటి పక్కన కొత్త ప్రశ్న చేరింది: ‘ఈ పోలీసులు ఎవరివాళ్లు?’ దాన్ని అక్కడికి తెచ్చింది కుడి గడే.

కుడి గడిలో లాఠీలే ఉన్నాయనుకోకండి. నవంబరులో ఇళ్ల కేటాయింపుకు, అవసరాన్ని బట్టి ఇచ్చే పాయింట్ల పద్ధతి ప్రకటించారు, ఓటు మాట మాత్రం దాటేశారు. 1969 జనవరిలో పౌరహక్కుల కోసం విద్యార్థులు చేసిన యాత్ర మీద బర్న్‌టాలెట్ వంతెన దగ్గర రాళ్లు పడ్డాయి. ఆగస్టులో డెర్రీలోని కాథలిక్కుల పేట బాగ్‌సైడ్‌లో పోలీసులతో మూడు రోజుల పోరు, ఆ వెంటే బ్రిటిష్ సైన్యం.

అభ్యాసం: 1971 ఆగస్టులో విచారణ లేని నిర్బంధం, 1972 జనవరి 30న దానికి వ్యతిరేకంగా డెర్రీలో ఊరేగింపు, సైనికుల కాల్పుల్లో ఆ రోజే 13 మంది మృతి. ఈ రెండు వరుసలూ మీరే నింపండి. ఆ పక్కన మూడో గడి కూడా గీయండి: యూనియనిస్టులకు ఇదంతా ఎలా వినిపించి ఉంటుంది? వచ్చే పాఠం ఆ గడి నుంచే.