నూనె రంగుల్లో ఎక్స్‌ప్రెషనిస్టు ముఖచిత్రం: గీత కార్మికుడి ఎదుట కూర్చుని

ఎక్స్‌ప్రెషనిస్టు పద్ధతిలో ముఖం గీయడమంటే పోలికలను ఇష్టం వచ్చినట్లు చెరపడం కాదు. ఆ మనిషిని చూసినప్పుడు మనసుకు తగిలినదాన్ని గట్టిగా పట్టుకుని, దానికి అడ్డొచ్చే వివరాలను వదలివేయడం. అందుకే ఫొటో చూసి కాకుండా ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని నేర్చుకోవాలని నా అభిప్రాయం.

నల్లగొండ పల్లెల్లో ఉదయపు కల్లుగీత ముగించుకుని, చెట్టెక్కే మోకు, ముస్తాదు పక్కన పెట్టి తాటిచెట్టు నీడన కూర్చున్న పెద్దాయన ముఖాన్ని తీసుకుందాం. ఏళ్ల తరబడి ఎండకు ఎదురుగా చెట్టు మొవ్వ వైపు తలెత్తి చూసినందువల్ల ఆయన కళ్లు చికిలించి ఉంటాయి. కంటి కొసల నుంచి కణతల దాకా ముడతలు విసనకర్ర ఈనెల్లా విచ్చుకుంటాయి. ఈ చిత్రానికి ప్రాణం అక్కడే ఉన్నది. కళ్లను ఇంకొంచెం సన్నం చేయండి, కనుబొమల ఎముకను ముందుకు తెండి, చెవులను రెండు గీతలతో సరిపెట్టండి.

16×20 అంగుళాల కాన్వాసు, గట్టి పందివెంట్రుకల కుంచెలు మూడు, రంగులు కలిపే పలుచని కత్తి (పాలెట్ నైఫ్) ఒకటి చాలు. రంగుల్లో టైటానియం వైట్, కాడ్మియం ఎల్లో, వెర్మిలియన్ (నారింజ ఛాయ ఎరుపు), అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు), అల్ట్రామెరైన్ బ్లూ, విరిడియన్ (ఆకుపచ్చ), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ) తీసుకోండి. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే చాలినంత ముదురు వస్తుంది కనుక నలుపు అవసరం లేదు.

మొదట టర్పెంటైన్‌తో పలుచన చేసిన బర్న్ట్ సియెన్నాను కాన్వాసంతా పూసి, ఆరిన తరువాత అదే రంగుతో వెలుగునీడల హద్దులు గీయండి. ఈ పని కిటికీలు తెరిచిన గదిలోనో, వసారాలోనో చేయాలి.

అసలు కిటుకు వెలుగునీడల్లోనే ఉన్నది. సహజమైన రంగులకు బదులు గాఢమైన రంగులు వాడిన ఫావిస్టుల్లో ఒకడైన ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ 1905లో తన భార్య ముఖం నడిమధ్యన, నుదుటి నుంచి ముక్కు మీదుగా ఆకుపచ్చ పట్టీ వేశాడు. ఆ పట్టీ వెలుగు వైపునూ నీడ వైపునూ విడదీసే గీతగా పనిచేసింది కనుకనే ముఖం చెదరలేదు. మన పెద్దాయన నీడ చెంపకు అల్ట్రామెరైన్, అలిజరిన్ కలిపిన ఊదా, ఎండ పడిన చెంపకు పసుపు కలిసిన వెర్మిలియన్, రెండూ కలిసే అంచున విరిడియన్ వేయండి. రంగు ఏదైనా కావచ్చు గాని, దాని ముదురూ లేతా తప్పకూడదు. అనుమానం వస్తే ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి. అందులో ముఖం గుర్తుపట్టలేకపోతే రంగు మార్చకుండా, దాన్ని లేతగానో ముదురుగానో సరిచేయండి.

కుంచె ముడత సాగిన దిక్కునే సాగాలి. వేసిన గీతను మెత్తని కుంచెతో రుద్ది నునుపు చేయవద్దు. ఆ గరుకుదనమే ఆయన చర్మం.

రంగులో కలిపే అవిసె నూనె కింది పొరలో తక్కువగా, పైపొరల్లో క్రమంగా ఎక్కువగా ఉండాలి. నా తొలి చిత్రంలో దీన్ని తలకిందులు చేసినందువల్ల నుదురంతా బీటలు వారింది. ఈ నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉన్నది. మన వేసవిలో మరీ జాగ్రత్తగా నీళ్లలో ముంచి ఉంచండి.

మందంగా వేసిన చోట పైపొర గట్టిపడినా లోపల పచ్చిగానే ఉంటుంది కనుక, కనీసం ఆరు నెలలు గడిచేదాకా వార్నిష్ పూయకుండా, దుమ్ము పడని గోడకు ఆరనివ్వండి.