డెస్క్‌టాప్‌కి వైఫై కార్డు కొనేముందు కేబినెట్ విప్పి చూడండి

మొన్న విజయవాడ సత్యనారాయణపురంలో ఉండే మా పిన్ని వాళ్లబ్బాయి గవర్నర్‌పేట నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, షాపులో రెండు వైఫై కార్డులు చూపిస్తున్నారు, ఒకదాని మీద ఏసీ1200 అని, ఇంకోదాని మీద ఏఎక్స్3000 అని ఉంది, ఏది తీసుకోమంటావు?" అన్నాడు. ఇప్పుడే ఏదీ వద్దు, ఇంటికెళ్లి కేబినెట్ పక్క డోర్ విప్పి లోపల ఫొటో తీసి పంపరా అన్నాను. మీకూ అదే చెప్తాను.

ఆ ఫొటోలో చూడాల్సింది వైఫై కార్డు కూర్చునే పీసీఐఈ ఎక్స్1 స్లాట్. గ్రాఫిక్స్ కార్డు పెట్టే పొడవాటి స్లాట్‌కి దగ్గర్లో, అంగుళం పొడవు ఉండే చిన్న స్లాట్. వాడిది హెచ్81 అనే పాత రకం మదర్‌బోర్డు. మొదటి చిన్న స్లాట్ మీదికి లావాటి గ్రాఫిక్స్ కార్డు వచ్చేసి పూర్తిగా మూసేసింది, అదృష్టం కొద్దీ కింద ఇంకోటి ఖాళీగా ఉంది. చిన్నది దొరక్కపోయినా పొడవాటి పీసీఐఈ స్లాట్ ఏదైనా ఖాళీ ఉంటే అందులో పెట్టినా పనిచేస్తుంది. బాగా పాత బోర్డుల్లో మామూలు పీసీఐ స్లాట్లు ఉంటాయి, అందులో ఈ కార్డు అస్సలు పట్టదు, బలవంతంగా నొక్కకండి.

కొత్త బోర్డుల్లో వైఫై కోసం విడిగా చిన్న ఎం.2 స్లాట్ ఉంటుంది. ఇక్కడే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. ఆ స్లాట్‌లో పెట్టే ఇంటెల్ వైఫై కార్డుల్లో ఏఎక్స్200, ఏఎక్స్210 అనేవి ఇంటెల్ ప్రాసెసర్ బోర్డులోనూ ఏఎండీ ప్రాసెసర్ బోర్డులోనూ పనిచేస్తాయి. ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం వాటికి సపోర్ట్ ఉన్న ఇంటెల్ బోర్డుల్లోనే పనిచేస్తాయి. చివర్లో ఒక్క అంకె తేడా, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, అందుకే మోడల్ నంబరు కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ వేరు, అందులో ఇది కూర్చోదు.

ఇక పెట్టె మీద అంకెల సంగతి. ఏసీ అంటే వైఫై 5, ఏఎక్స్ అంటే దాని తర్వాత వచ్చిన వైఫై 6. 1200 అంటే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 867 ఎంబీపీఎస్, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 300 కలిపి, రౌండ్ చేసి వేసిన లెక్క. మన పీసీ ఒకసారికి ఒక బ్యాండ్‌కే కనెక్ట్ అవుతుంది కాబట్టి ఆ మొత్తం ఎప్పటికీ రాదు. ఏఎక్స్3000లో 5 గిగాహెర్ట్జ్ వాటా 2402, అది రావాలంటే రూటర్ కూడా వైఫై 6 అయి, 160 మెగాహెర్ట్జ్ చానెల్ ఇవ్వాలి. ఇంట్లో ఉన్నది 100 ఎంబీపీఎస్ ప్లాన్ అయితే ఏసీ1200 కార్డు హాయిగా సరిపోతుంది. ఫైబర్ వాళ్లు పెట్టిన బాక్సు 2.4 మాత్రమే ఇచ్చేదైతే ఎంత ఖరీదు కార్డు పెట్టినా లాభం లేదు, ఆ డబ్బులు ముందు రూటర్ మీద పెట్టండి. వైఫై పేరు చివర కనిపించే 5జీకీ మొబైల్ 5జీకీ సంబంధం లేదు, అది 5 గిగాహెర్ట్జ్ అని చెప్పడం మాత్రమే.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది యాంటెనా గురించి. మన ఇళ్లలో కంప్యూటర్ ఎక్కడుంటుంది? ఓ మూల టేబుల్ కింద, గోడకి ఆనించి, పక్కన ఇనప బీరువా. రూటర్ హాల్లో. కార్డు వెనకాల నేరుగా బిగించే యాంటెనాలు ఆ రేకు డబ్బాకీ గోడకీ మధ్య ఇరుక్కుపోతాయి. అందుకే వైరుతో బయటికొచ్చి టేబుల్ మీద నిలబడే యాంటెనా ఉన్న కార్డే తీసుకోండి, రెండు మూడు వందలు ఎక్కువైనా సరే. రెండేళ్ల క్రితం నేను గోరంత యూఎస్‌బీ అడాప్టర్ కొని కేబినెట్ వెనక గుచ్చాను. మే నెలలో కాలిపోయేంత వేడెక్కేది, మీటింగ్ మధ్యలో నెట్ పోయేది, రోజూ టెన్షనే. యూఎస్‌బీ తప్పనిసరైతే యాంటెనా ఉన్న 3.0 అడాప్టర్ తీసుకుని, ఎక్స్‌టెన్షన్ వైరుతో టేబుల్ పైకి తెచ్చి 5 గిగాహెర్ట్జ్‌లోనే వాడండి. యూఎస్‌బీ 3.0 పోర్టు నుంచి వచ్చే రేడియో గోల 2.4 బ్యాండ్‌ని పాడుచేస్తుంది.

బ్లూటూత్ కూడా ఉన్న కార్డయితే దాంతో ఓ చిన్న కేబుల్ వస్తుంది, దాన్ని బోర్డు మీద 9 పిన్నుల యూఎస్‌బీ హెడర్‌కి తగిలించాలి. అది మర్చిపోయి "వైఫై వస్తోంది, బ్లూటూత్ రావట్లేదు" అని కార్డు వాపసు ఇచ్చేవాళ్లున్నారు. పాత బోర్డుల్లో ఆ హెడర్లు ముందు యూఎస్‌బీ పోర్టులకే అయిపోతాయి, అదీ ఫొటోలోనే చూసుకోండి.

బిగించేటప్పుడు ప్లగ్గు పీకేసి, కేబినెట్ రేకుని ఓసారి చేత్తో ముట్టుకుని మొదలుపెట్టండి. కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, దించుకోవడానికి నెట్ ఉండదు కదా, ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని పీసీకి ఇవ్వడం) ఆన్ చేస్తే ఆ పని అయిపోతుంది. తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరిచి లింక్ స్పీడ్ చూస్తూ యాంటెనాని అటూ ఇటూ జరపండి. మా వాడికి టేబుల్ మీద 200 ఎంబీపీఎస్ దాటలేదు, కిటికీ పక్క చెక్క అరలో పెడితే 500 పైన నిలబడింది. బిల్లు, కార్డు వచ్చిన పెట్టె రెండూ ఓ వారం పారేయకండి.