డేటాబేస్‌లో (ఎస్‌క్యూఎల్‌లో) టేబుళ్లను జాయిన్ చేస్తే లెక్క తప్పుతోందా? టేబుళ్ల సంబంధాలు చూడండి

సమస్య: బిల్లు 1,000 రూపాయలైతే రిపోర్టులో 3,000 వస్తోంది

ఉదాహరణకి ఒక ఆర్డర్‌లో రెండు వస్తువులున్నాయి: 600, 400. కస్టమర్ డబ్బు మూడు విడతల్లో కట్టాడు: 300, 300, 400. ఆర్డర్ల టేబుల్‌కి వస్తువులతోనూ, చెల్లింపులతోనూ ఉన్నది వన్-టు-మెనీ (ఒక ఆర్డర్‌కి చాలా వరుసలు ఉండే) సంబంధమే. కానీ వస్తువులకీ చెల్లింపులకీ మధ్య నేరుగా ఏ సంబంధమూ లేదు. మూడు టేబుళ్లనూ ఒకే జాయిన్‌లో కలిపితే ప్రతి వస్తువూ ప్రతి చెల్లింపుతో జతపడి ఆరు వరుసలు వస్తాయి. అందుకే వస్తువుల మొత్తం మూడింతలు, చెల్లింపుల మొత్తం రెండింతలు అవుతుంది.

ఇలాంటప్పుడు చాలామంది సమ్ (కూడిక) లోపల డిస్టింక్ట్ (ఒకే విలువ మళ్లీ వస్తే ఒక్కసారే లెక్కించేది) పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రెండు 300లలో ఒకటి ఎగిరిపోయి, కట్టిన డబ్బు 700 అని చూపిస్తుంది. ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే 700 చూస్తే ఎవరికీ అనుమానం రాదు. వస్తువులను ఆర్డర్ ఐడీ వారీగా గ్రూప్ బై చేసి ఒక సబ్‌క్వెరీలో (క్వెరీ లోపలి క్వెరీలో) కూడండి, చెల్లింపులను ఇంకో సబ్‌క్వెరీలో కూడండి. ఇప్పుడు రెండింటిలోనూ ఆర్డర్‌కి ఒక్క వరుసే ఉంటుంది. వాటిని ఆర్డర్ల టేబుల్‌కి లెఫ్ట్ జాయిన్ (జత దొరకని ఆర్డర్లనూ ఉంచే జాయిన్) చేయండి. మామూలు జాయిన్ అయితే ఇంకా డబ్బు కట్టని ఆర్డర్లు రిపోర్టులోంచి మాయమవుతాయి.

సమస్య: 1వ కోర్సు విద్యార్థులను అడిగితే 11, 21 వాళ్లూ వస్తున్నారు

విద్యార్థి వరుసలోనే కోర్సు ఐడీలను "4,11,21" అని కామాలతో రాసి, లైక్‌తో (అక్షరాల పోలికతో) వెతకడమే కారణం. ఒక విద్యార్థికి చాలా కోర్సులు, ఒక కోర్సుకి చాలామంది విద్యార్థులు. అంటే ఇది మెనీ-టు-మెనీ. మధ్యలో నమోదుల టేబుల్ ఒకటి పెట్టి, విద్యార్థి ఐడీ, కోర్సు ఐడీ రెండూ కలిపి ప్రైమరీ కీ (ఒక్కో వరుసను విడిగా గుర్తించే కీ) చేయండి. చేరిన తేదీ, మార్కులు ఉండాల్సిన చోటూ అదే.

సమస్య: ఒక ఉద్యోగికి రెండు ప్రొఫైల్ వరుసలు

వన్-టు-వన్ అనుకున్నారు కానీ ఫారిన్ కీ (ఇంకో టేబుల్‌లోని వరుసను చూపే) కాలమ్ మీద యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న నియమం) పెట్టలేదు. ముందు అదనపు వరుసను సరిచేసి, ఆ తర్వాత పెట్టండి.

సమస్య: లేని కస్టమర్ మీద ఆర్డర్లు

ఫారిన్ కీ రాసినా పని చేయకపోవచ్చు. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఆ తనిఖీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ప్రతి కనెక్షన్‌లోనూ ఆన్ చేయాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పాత మైఐసామ్ (టేబుళ్లను నిల్వచేసే పాత పద్ధతి) టేబుళ్లు దాన్ని పట్టించుకోవు, ఇన్నోడీబీ పద్ధతికి మార్చాలి. మార్చాక ఫారిన్ కీ పెట్టబోతే 1452 ఎర్రర్ వచ్చిందంటే తల్లి లేని వరుసలు (కస్టమర్ల టేబుల్‌లో లేని కస్టమర్‌ను చూపే ఆర్డర్లు) ఇంకా ఉన్నట్టే. ఆర్డర్లకి కస్టమర్లను లెఫ్ట్ జాయిన్ చేసి, కస్టమర్ల టేబుల్ వైపు ఐడీ నల్‌గా (ఖాళీగా) వచ్చినవి ఏరండి. డబ్బు లెక్కలున్న వరుసలైతే వెంటనే డిలీట్ చేయకండి. వేరే టేబుల్‌లోకి కాపీ చేసుకుని, అవి ఎవరివో అకౌంట్స్ వాళ్లతో తేల్చుకున్నాకే తీసేయండి.