పిల్లల చదువు కోసం విదేశంలో ఏ ఊరికి వెళ్ళాలి? ఎలా తేల్చుకోవాలి?

నెల్లూరులోనో ఒంగోలులోనో ఒక ఇంట్లో విదేశీ ఉద్యోగం ఖాయమైందంటే అందరూ అడిగే మొదటి మాట, "అక్కడ మనవాళ్ళెవరున్నారు?" అని. చిన్నాన్న కొడుకు డాలస్‌లో ఉంటే డాలస్, స్నేహితుడు మెల్‌బోర్న్‌లో ఉంటే మెల్‌బోర్న్. కొత్తగా దిగిన రోజుల్లో ఆ తోడు నిజంగా కావాలి, కాదనను. కానీ పిల్లలు అక్కడ ఏళ్ళ తరబడి చదవాలి. అందుకని ఊరి పేరు అనుకోకముందే పిల్లల వయసు ఎంత, వీసా ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్న రెండు సంగతులు తేల్చుకోండి.

1. పిల్లల వయసుతో మొదలుపెట్టండి

ఒక కాగితం తీసుకుని, ఒక్కో బిడ్డ ఏ సంవత్సరంలో ఏ తరగతిలో ఉంటాడో రాయండి. ఆరేడేళ్ళ లోపు పిల్లలు ఎక్కడైనా త్వరగా కలిసిపోతారు. పెద్ద పిల్లల విషయంలోనే దేశాన్ని బట్టి లెక్క మారుతుంది.

జర్మనీలో చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అయ్యాక పిల్లలను వేర్వేరు రకాల బళ్ళకు పంపుతారు. బెర్లిన్‌లో మాత్రం ఆరో తరగతి తర్వాత. తొమ్మిదేళ్ళ బిడ్డ జర్మన్ రాకుండా అక్కడికి వెళితే, భాష పట్టుబడకముందే ఆ విభజన వచ్చేస్తుంది. ఇంగ్లండ్‌లో పది, పదకొండో సంవత్సరాలు జీసీఎస్‌ఈ (మన పదో తరగతి లాంటి బోర్డు పరీక్షల) చదువు, దాని మధ్యలో చేరడం కష్టం. అమెరికాలో తొమ్మిదో తరగతి నుంచి వచ్చే మార్కులు కాలేజీ దరఖాస్తులో కనిపిస్తాయి. సింగపూర్‌లో ప్రైమరీ ఆరు చివర పీఎస్‌ఎల్‌ఈ అనే జాతీయ పరీక్ష ఉంటుంది.

తొమ్మిది నుంచి ఇంటర్ వరకు చదువుతున్న బిడ్డను మధ్యలో కదిలించకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఒకరు ముందు వెళ్ళి, పరీక్షలయ్యాక కుటుంబం వెళ్ళినా నష్టం లేదు.

బడి తెరిచే నెల కూడా చూడండి. మన దగ్గర జూన్, ఇంగ్లండ్‌లో సెప్టెంబర్, ఆస్ట్రేలియాలో జనవరి చివర, సింగపూర్‌లో జనవరి మొదట్లో. టెక్సాస్‌లో సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్ళు నిండితే కిండర్‌గార్టెన్‌లో చేర్చుకుంటారు. ఆ తేదీకి రెండు రోజులు తక్కువైనా ఏడాది తేడా వస్తుంది.

2. వీసా ఎంతవరకు నిలుస్తుంది?

అమెరికాలో హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవారి పిల్లలకు హెచ్-4 అనే వీసా ఇస్తారు. అది 21 ఏళ్ళ వరకే. మన దేశం వాళ్ళకు ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డు (శాశ్వత నివాస అనుమతి) క్యూ ఎంత పొడుగో అందరికీ తెలిసిందే. పదేళ్ళ బిడ్డను తీసుకెళితే, గ్రీన్ కార్డు రాకముందే 21 నిండవచ్చు. అప్పుడు వాడు స్టూడెంట్ వీసాకు మారాలి. ఈ టెన్షన్ తల్లిదండ్రులకన్నా పిల్లలకే ఎక్కువ.

బ్రిటన్‌కు ఎమ్మెస్సీకని వెళ్ళేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సుల్లాంటి కొన్నిటికి తప్ప, విద్యార్థి వీసా మీద భార్యాపిల్లలను తీసుకెళ్ళనివ్వడం లేదు. గల్ఫ్‌లో సాధారణంగా నివాస అనుమతి ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది, ఉద్యోగం పోతే బడి కూడా మధ్యలో ఆగవచ్చు. కెనడాలో పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చాక ఐదేళ్ళలో 1,095 రోజులు ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చు. స్థిరపడాలనుకునే కుటుంబానికి ఇలాంటి స్పష్టమైన దారి జీతంకన్నా విలువైనది.

3. తిరిగి వచ్చే ఆలోచన ఉంటే

"పదేళ్ళు సంపాదించుకుని వచ్చేద్దాం, పాపను ఇక్కడే డాక్టర్ చదివిద్దాం" అనుకునే కుటుంబాలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. వాళ్ళు లోకల్ సంగతి ముందే చూసుకోవాలి. మన రాష్ట్రంలో వృత్తి విద్యా సీట్లలో 85 శాతం లోకల్ అభ్యర్థులకే. నెల్లూరు ఎస్వీ యూనివర్సిటీ పరిధిలోకి, ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకి వస్తాయి. ఇంటర్ చివరి ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్ళు ఆ పరిధిలో చదివి ఉండాలన్నది ప్రధానమైన నియమం. అంటే తొమ్మిదో తరగతి ఇక్కడే మొదలుకావాలి. ఇంటర్‌కు వచ్చి చేరితే సరిపోతుందనుకుంటే దెబ్బతింటారు.

అక్కడి పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది, భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉంటుంది. 2021 మార్చి 4 తర్వాత ఓసీఐ తీసుకున్నవారు నీట్, జేఈఈ రాయవచ్చు కానీ ఎన్నారై కోటా లాంటి సీట్లకే పోటీ పడాలి. ఆ సీట్ల ఫీజు వేరే స్థాయిలో ఉంటుంది.

కాబట్టి కచ్చితంగా తిరిగి వచ్చేవారికి దుబాయ్ లాంటి చోట సీబీఎస్‌ఈ బడి మేలు. ఇక్కడ మళ్ళీ సీబీఎస్‌ఈలోనే చేర్చితే పుస్తకాలు మారవు, బిడ్డ తడబడదు.

4. ఊరిని కాదు, బడిని వెతకండి

అమెరికాలో ప్రభుత్వ బడికి ఫీజు లేదు, కానీ ఏ బడి అన్నది మీ ఇంటి అడ్రస్ చెబుతుంది. ఒకే ఊళ్ళో రోడ్డుకు ఇటువైపు ఒక బడి, అటువైపు మరొకటి. ఇంగ్లండ్‌లోనూ చాలా బళ్ళు ఇంటి దూరం చూసే సీట్లిస్తాయి. అందుకే ముందు బడి, తర్వాత అద్దె ఇల్లు. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే ఆ అడ్రస్ చెప్పి స్కూల్ డిస్ట్రిక్ట్‌ను (ఆ ప్రాంతపు ప్రభుత్వ బళ్ళను నడిపే సంస్థను) అడగండి. కొత్తగా పెరిగే కాలనీల్లో హద్దులు మారుతుంటాయి. ఇల్లు చూపించే ఏజెంట్ మాట నమ్మి ఊరుకోకండి.

బడి ఎలాంటిదో తెలుసుకునే దారులు ఉన్నాయి. టెక్సాస్‌లో బళ్ళకు ప్రభుత్వమే ఎ నుంచి ఎఫ్ వరకు గ్రేడ్లు ఇస్తుంది. ఆస్ట్రేలియాలో మై స్కూల్ అనే సైట్‌లో నాప్లాన్ అనే జాతీయ పరీక్ష ఫలితాలు కనిపిస్తాయి. దుబాయ్‌లో ప్రైవేటు బళ్ళను చూసే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ తనిఖీ నివేదికలు ఉంటాయి. ఇంగ్లండ్‌లో బళ్ళను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ 2024 సెప్టెంబర్ నుంచి ప్రభుత్వ బళ్ళకు ఒక్క మాటలో గ్రేడ్ ఇవ్వడం మానేసింది కాబట్టి నివేదిక పూర్తిగా చదవాలి.

అన్నిచోట్లా ప్రభుత్వ బడి ఉచితం అనుకోకండి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లో కొన్ని తాత్కాలిక వీసాల పిల్లలకు ఫీజు ఉంది. సింగపూర్ ప్రభుత్వ బళ్ళలో విదేశీ పిల్లలకు చివర్లో మిగిలిన సీట్లే, వస్తాయన్న హామీ లేదు. అక్కడ మాతృభాష పాఠంగా తమిళం, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. మన పిల్లలు హిందీయో తమిళమో ఎంచుకోవాల్సి వస్తుంది.

5. మధ్యాహ్నం మూడింటికి బిడ్డను ఎవరు తెస్తారు?

ఇక్కడ ఆటో ఉంది, ఇంట్లో అవ్వ ఉంది. అక్కడ బడి మూడింటికి వదిలితే, ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఆ తర్వాతి గంటలకు డబ్బు కట్టాలి. మంచి బడి పక్కన అద్దె, ఆ గంటల ఖర్చు, ఆరోగ్య బీమా, ఏటా ఊరికి టికెట్లు, ఈ నాలుగూ జీతంలోంచి తీసేసి మిగిలినదాన్ని చూడండి.

6. అవ్వాతాతలు, తెలుగు

దుబాయ్ నుంచి చెన్నైకి నాలుగు గంటల ప్రయాణం, సింగపూర్ కూడా అంతే. చెన్నైలో దిగితే రాత్రికి నెల్లూరు చేరవచ్చు. డాలస్‌కూ మనకూ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, పిల్లలు బడికి వెళ్ళే వేళకు ఇక్కడ రాత్రి. కెనడా సూపర్ వీసా మీద తల్లిదండ్రులు ఒకసారి వెళితే ఐదేళ్ళ వరకు ఉండవచ్చు, ఇది పెద్ద వరం. తెలుగు రాయడం, చదవడం నేర్పే మనబడి తరగతులు దగ్గర్లో ఉన్నాయా అనీ కనుక్కోండి. ఇంట్లో మాట్లాడినంత మాత్రాన చదవడం రాదు.

7. బయల్దేరే ముందు కాగితాలు

టీసీ, స్టడీ సర్టిఫికెట్, మార్కుల జాబితా, జనన ధ్రువపత్రం సిద్ధంగా పెట్టుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఇక టీకా కార్డు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేసేది ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా, అందులో గవదబిళ్ళల మందు ఉండదు. ఆటలమ్మ టీకా కూడా ప్రభుత్వ జాబితాలో లేదు. అమెరికాలో చాలా బళ్ళు ఈ రెండూ అడుగుతాయి. డోసుకూ డోసుకూ మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు ఆగాలి కాబట్టి, టికెట్లు కొన్న వారమే పిల్లల డాక్టర్‌కు ఆ కార్డు చూపించండి.