బెర్లిన్‌లో కొత్తగా దిగేవాళ్లకు: మొదటి నెలలో ఎక్కడెక్కడ దెబ్బ తగులుతుందంటే

బెర్లిన్‌లో తప్పు చేస్తే ఎవరూ మీ మీద అరవరు. కొన్నాళ్లకి ఇంటికి ఉత్తరం వస్తుంది, అంతే. కొత్తవాళ్లకి అయ్యే నష్టాలు చాలావరకు ఇలా పోస్టులో వచ్చేవే, లేదంటే రావలసిన పోస్టు రాకపోవడం వల్ల జరిగేవే. అందుకని సూట్‌కేసులో పచ్చళ్లు ఎన్ని కిలోలు పడతాయని లెక్కలేసుకునే టైమ్‌లోంచి ఓ అరగంట దీనికి కూడా ఇవ్వండి.

మొదటి దెబ్బ ఎయిర్‌పోర్టులోనే కాచుకుని ఉంటుంది. ఇక్కడ రైళ్లకీ బస్సులకీ ఏ, బీ, సీ అని మూడు జోన్లు. ఊరు దాదాపు అంతా ఏ, బీల్లోనే అయిపోతుంది కానీ ఎయిర్‌పోర్టు మాత్రం సీలో ఉంది. కాబట్టి ఏబీసీ టికెట్టే కొనాలి, ఏబీ చౌకగా కనపడిందని అది కొంటే చెల్లదు. చేతికొచ్చిన కాగితం మీద తేదీ, టైమ్ అచ్చయి ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే రైలెక్కే ముందు ప్లాట్‌ఫామ్ మీదున్న చిన్న మెషిన్‌లో దూర్చి స్టాంపు కొట్టించాలి (బస్సులోనూ ట్రామ్‌లోనూ ఆ మెషిన్ లోపలే ఉంటుంది). స్టాంపు లేని టికెట్ లేనిదానికిందే లెక్క, జరిమానా 60 యూరోలు. స్టేషన్లలో గేట్లుండవు, అడిగేవాళ్లూ కనపడరు కదా అనుకుంటాం. చెకింగ్ వాళ్లు మామూలు బట్టల్లో మన పక్కనే నిలబడి ఉంటారు, తలుపులు మూసుకుని బండి కదిలాక మెడలోంచి కార్డు బయటికి తీస్తారు. "ఇవాళే దిగానండీ, తెలీదు" అని పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ స్టాంపు చూపించి బతిమాలినవాళ్లని చూశాను, వాళ్లు ఓపిగ్గా విని రసీదు రాసిచ్చారు.

సింగిల్ టికెట్ రెండు గంటలు చెల్లుతుంది కానీ ఒక్క దిక్కుకే. కూరగాయలు కొనుక్కుని గంటలో అదే టికెట్ మీద వెనక్కి వస్తానంటే కుదరదు. ఎలాగూ రోజూ తిరుగుతారు కాబట్టి దేశమంతా లోకల్ రైళ్లకీ బస్సులకీ పనికొచ్చే డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకోవడమే మేలు, 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు. అయితే అది చందా లాంటిది, మీరు ఆపేదాకా డబ్బు కోసుకుంటూనే ఉంటుంది. వచ్చే నెల వద్దనుకుంటే ఈ నెల పదో తారీఖులోపు రద్దు చేయాలి. పదకొండో తారీఖున గుర్తొస్తే ఇంకో నెల కట్టినట్టే.

ఇక అసలు విషయం, అడ్రస్ నమోదు. సామాన్లు దించిన రోజు నుంచి రెండు వారాల్లో అన్‌మెల్డుంగ్ చేయించుకోవాలి. బ్యుర్గర్‌ఆమ్ట్ అనే ఆఫీసులో జరుగుతుంది. లోపల పని ఇట్టే అయిపోతుంది, దానికి టెర్మిన్ (అంటే అపాయింట్‌మెంట్) దొరకడమే గగనం. మీ ఏరియా ఆఫీసుకే వెళ్లాలని రూలేం లేదు, బెర్లిన్‌లో ఏ మూలున్న ఆఫీసుకైనా వెళ్లొచ్చు, కాబట్టి వెతికేటప్పుడు అన్నీ టిక్ పెట్టండి. పొద్దున్నే టెర్మిన్లు బుక్ చేసే సైట్ తెరిచి రిఫ్రెష్ కొడుతూ ఉంటే ఎవరో వదిలేసుకున్న స్లాట్ కనపడుతుంది. కనపడగానే నొక్కేయాలి, ఆ రోజు ఆఫీసులో మీటింగ్ ఉందేమో చూసుకుని వద్దామనుకుంటే ఈలోపు వేరేవాళ్లు ఎగరేసుకుపోతారు. ప్రభుత్వ ఆఫీసుల హెల్ప్‌లైన్ 115కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు. రెండు వారాల్లోపు దొరకలేదని టెన్షన్ పడొద్దు, బుక్ చేసినట్టు వచ్చిన మెయిల్ మాత్రం దాచుకోండి, నిర్లక్ష్యం చేయలేదని చూపించడానికి పనికొస్తుంది.

టెర్మిన్ దొరికి కూడా ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్లున్నారు. పాస్‌పోర్టు, నింపిన ఫారం, అద్దె అగ్రిమెంటు పట్టుకెళ్తారు, అక్కడ అడిగేది అగ్రిమెంటు కాదు. "ఈ మనిషి ఫలానా తేదీన మా ఇంట్లో దిగాడు" అని ఇంటి ఓనర్ సంతకం చేసిచ్చే వేరే కాగితం ఉంటుంది, దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్. పలకలేకపోయినా పర్లేదు, తాళంచెవులతో పాటు అదీ తీసుకోండి. ఈ కాగితం ఇవ్వనంటున్నారంటే, అంటే "ఇల్లిస్తాం కానీ అన్‌మెల్డుంగ్ కుదరదు" అంటున్నారంటే, అద్దె ఎంత తక్కువైనా అది కొన్నాళ్లు తలదాచుకోవడానికే తప్ప కాపురానికి పనికిరాదు. నమోదు అయితేనే టాక్స్ నంబరు ఆ అడ్రస్‌కి పోస్టులో వస్తుంది. ఆ నంబరు ఇవ్వకపోతే కంపెనీ మిమ్మల్ని ఆరో టాక్స్ క్లాసులో పడేసి జీతం గట్టిగా కోయొచ్చు. తర్వాత సరిచేస్తారు నిజమే, ఈలోపు అద్దె మాత్రం ఆగదు కదా.

ఇంతా చేసి చాలామంది పొరపాటు పడేది పోస్టు డబ్బా దగ్గర. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబర్లుండవు. పోస్ట్‌మ్యాన్ కింద గోడకున్న డబ్బాల వరస ముందు నిలబడి, కవరు మీద పేరు డబ్బా మీద ఉందా లేదా అని చూస్తాడు. ఉంటే వేస్తాడు, లేకపోతే వెనక్కి పంపేస్తాడు. మీ డబ్బా మీద పాత కిరాయిదారు పేరు ఉంటే మీ టాక్స్ నంబరు, బ్యాంకు కార్డు, దాని పిన్ (కార్డు వేరే కవర్లో, పిన్ వేరే కవర్లో వస్తాయి) ఒక్కొక్కటే తిరుగు ప్రయాణం కడతాయి, మీకు చీమ కుట్టినట్టయినా తెలీదు. తెలుగువాళ్లకి దీంట్లో ఇంకో తిప్పలు. పాస్‌పోర్టులో ఒకరికి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, ఇంకొకరికి ఆ గడే ఖాళీ, మూడోవారికి నాన్నగారి పేరు కూడా కలిపి బారెడు ఉంటుంది, పంపేవాళ్లు వాటిలో ఏ ముక్క రాస్తారో చెప్పలేం. అందుకని చీటీ మీద ఇంటిపేరు, సొంత పేరు రెండూ రాసి, దిగిన రోజే డబ్బాకీ బెల్‌కీ అంటించేయండి. చేత్తో రాసి టేప్ వేసినా చాలు, నీటుగా ప్రింట్ తీద్దాంలే అని ఆగకండి. వేరేవాళ్ల ఫ్లాట్‌లో గదిలో ఉంటున్నట్టయితే అడ్రస్ రాసేటప్పుడు కేరాఫ్ అని వాళ్ల పేరు కూడా చేర్చండి.

వచ్చిన ఉత్తరాలన్నీ తెరవండి. జర్మన్ రాకపోతే ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసుకోండి, పక్కన పడేయడం మాత్రం వద్దు. ముఖ్యంగా కోర్టో ప్రభుత్వ ఆఫీసో పంపే పసుపు కవరు వస్తే పోస్ట్‌మ్యాన్ దాని మీద తేదీ వేస్తాడు, జవాబిచ్చే గడువు ఆ తేదీ నుంచే లెక్క, కాబట్టి లోపలి కాగితం తీసుకుని కవరు చెత్తలో వేయకండి. అన్‌మెల్డుంగ్ అయిన కొన్నాళ్లకి రేడియో, టీవీ చందా కట్టమని ఒక ఉత్తరం ఖాయంగా వస్తుంది, నెలకి 18.36 యూరోలు. "మా ఇంట్లో టీవీయే లేదు" అంటే ఒప్పుకోరు. కానీ అది మనిషికి కాదు, ఇంటికి. మీతో ఉండేవాళ్లు ఎవరైనా ఇప్పటికే కడుతుంటే వాళ్ల చందా నంబరు రాసి పంపితే మీకు వదిలేస్తారు. ఇది తెలీక ఒకే ఫ్లాట్‌లో ముగ్గురూ విడివిడిగా కట్టుకుంటూ కూర్చునేవాళ్లు ఉంటారు.

ఇల్లు వెతికేటప్పుడు రెండు మూడు సంగతులు. యాడ్‌లో కాల్ట్ అని ఉన్న అద్దెలో హీటింగ్ గట్రా కలవవు, వార్మ్ అన్నదే చూడండి, అందులోనూ కరెంటు సాధారణంగా వేరే. అడ్వాన్సు మూడు నెలల కాల్ట్ అద్దెకి మించి అడగడానికి చట్టం ఒప్పుకోదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకుంది. వంటిల్లు లేని ఇల్లంటే నిజంగానే సింకు, స్టవ్వు ఏవీ లేకుండా పైపులు మాత్రమే కనపడతాయి. ఇంకోటి, "నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళంచెవులు కొరియర్ చేస్తాను" అనే ఓనర్ ఎంత మర్యాదగా మెయిల్ రాసినా దొంగే. ఇల్లు కళ్లతో చూసి సంతకాలయ్యేదాకా పైసా పంపకండి.

ఆ ఇల్లు చూడ్డానికి వెళ్లేటప్పుడు పది నిమిషాలు ముందు బయల్దేరండి, ఎందుకంటే బెర్లిన్ పాత వీధుల్లో ఇంటి నంబర్లు ఒక వైపు చివరిదాకా వెళ్లి, అక్కడ తిరిగి రెండో వైపు వెనక్కి వస్తాయి. ఒకటో నంబరు ఎదురుగా ఆఖరి నంబరు ఉంటుంది. మూలమీద వీధి పేరు బోర్డుకి ఆ ముక్కలో ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకానో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, అది చూసి నడవండి.

తలుపు సంగతి విడిగా చెప్పాలి. ఇక్కడి తలుపులకి బయటివైపు హ్యాండిల్ ఉండదు, గుండ్రటి నాబ్ ఉంటుంది, అది తిరగదు. తలుపు దానంతటదే పడిందంటే లాక్ అయినట్టే. చెత్త పడేసి వద్దామని చెప్పులేసుకుని కిందికెళ్తారు, ఫోను లోపల, తాళంచెవి లోపల, స్టవ్ మీద పప్పు. ఇలా కాకుండా రెండో తాళంచెవి దగ్గర్లో నమ్మకమైనవాళ్ల దగ్గర పెట్టండి. పెట్టకముందే ఇరుక్కుంటే ముందు పక్కింటి బెల్ కొట్టి ఫోను అడగండి. తాళాలు తీసేవాళ్లని పిలిచేటప్పుడు తలుపు ఉత్తినే పడిందనీ తాళం వేయలేదనీ చెప్పి, రావడానికి, తీయడానికి కలిపి మొత్తం ఎంతో ఫోన్‌లోనే ఒప్పించుకోండి, అంకె చెప్పకుండా "వచ్చి చూసి చెప్తాం" అంటే ఇంకొకరికి చేయండి. ఉత్తినే పడిన తలుపుకి మామూలుగా లాక్ మార్చే అవసరం రాదు, లాక్ పగలగొట్టడానికి డ్రిల్ తీస్తున్నారంటే ఆపి అడగాల్సిందే. స్టవ్ వెలుగుతూ ఉంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి ఎమర్జెన్సీ నంబరు 112కి చేయండి.

పప్పు అంటే గుర్తొచ్చింది, పోపు పెట్టేముందు కిటికీ పూర్తిగా తెరిచి వంటింటి తలుపు వేయండి, లేకపోతే ఎండుమిరపకాయల పొగకి హాల్లో స్మోక్ అలారం మోగి బిల్డింగ్ అంతా మెట్ల మీదకి వస్తుంది. మన మిక్సీ భేషుగ్గా పనిచేస్తుంది, కరెంటు ఇక్కడా 230 వోల్టులే, ప్లగ్ ఒక్కటే మార్చాలి. కాకపోతే రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయకూడదు, ఆదివారం రోజంతా అంతే. కాబట్టి దోసెల పిండి శనివారం పగలే రుబ్బుకోండి.

సరుకులు కూడా శనివారమే, ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. మరీ పాలు లేకపోతే పెద్ద రైల్వేస్టేషన్లలో ఉన్నవి తెరిచుంటాయి, ష్పేటి అని వీధి చివర చిన్న కొట్లూ ఉంటాయి, కొంచెం ఎక్కువ తీసుకుంటారు. నీళ్ల బాటిల్ కొంటే బిల్లులో 25 సెంట్లు అదనంగా పడిందని కౌంటర్‌లో గొడవకి దిగకండి, అది బాటిల్ డిపాజిట్. ఖాళీ బాటిల్ నలపకుండా, లేబుల్ చింపకుండా తీసుకెళ్లి షాపులో మెషిన్‌లో వేస్తే చీటీ వస్తుంది. ఆ చీటీ అదే షాపు కౌంటర్‌లో ఇస్తే బిల్లులోంచి తగ్గిస్తారు, ఏమీ కొనకపోయినా చేతికి డబ్బు ఇచ్చేస్తారు.