కిరాయి రెన్యువల్ గొడవ: అసలు చిక్కు ఎక్కడుంది, ఎలా తేల్చుకోవాలి

హన్మకొండ, కాజీపేట, వరంగల్ కలిసి ఒకే నగరమైనా కిరాయి పంచాయితీలు మాత్రం గల్లీకో తీరు. నిట్, కేయూ (కాకతీయ యూనివర్సిటీ) చుట్టుపక్కల చదువుకునే పిల్లల గదులు, నక్కలగుట్ట, బాలసముద్రం వైపు ఉద్యోగుల పోర్షన్లు, చౌరస్తాలోనూ వరంగల్ బజార్లలోనూ మడిగెలు, అంటే దుకాణం గదులు. గొడవ వచ్చిందంటే మాత్రం అందరిదీ ఒకటే మాట. "మస్తు పెంచమంటుండు" అని ఒకరు, "ఎంత చెప్పినా పెంచుతలేడు" అని ఇంకొకరు. నిజానికి చిక్కు అంకె దగ్గర ఉండటం తక్కువ. గడువు ఎప్పుడు ముగిసింది, ముగిశాక ఏం జరిగింది, కాగితంలో ఏముంది అన్నవి తేల్చకుండా అంకె పట్టుకుని కూర్చుంటేనే మాటా మాటా పెరుగుతుంది. కాబట్టి ముందు అగ్రిమెంట్ బయటికి తీయండి. ఏడాదిగా కిరాయి కట్టిన రుజువులు దాని పక్కన పెట్టండి. ఆ తర్వాత మీ గొడవ కింద చెప్పిన వాటిలో ఏదో చూసుకోండి.

"వచ్చే నెల నుంచి పదిహేను వేలు ఇయ్యాలె, లేకుంటే వేరే ఇల్లు చూసుకో తమ్మీ"

కారణం: పెంపు ఎంతో కాగితంలో రాసుకోలేదు. లేదా రాసుకున్నారు కానీ రెండేళ్లుగా మొహమాటంతో ఎవరూ ఎత్తలేదు, ఇప్పుడు పక్కింట్లో కొత్తవాళ్లు ఎక్కువకు దిగేసరికి ఓనరుకు పాత బాకీ అంతా గుర్తొచ్చింది.

గడువు ఇంకా నడుస్తుంటే, అగ్రిమెంట్లో ఆ మాట లేకుండా మధ్యలో కిరాయి పెంచే హక్కు ఓనరుకు లేదు. గడువు ముగిస్తే ఎంతైనా అడగొచ్చు. అడిగినంతా ఇవ్వాలని కిరాయిదారుకూ లేదు. అంటే ఇక్కడి నుంచి బేరమే. ఆ బేరం కోపంతో కాకుండా లెక్కతో చేస్తే గొడవ సగం తగ్గుతుంది.

ఇప్పటి కిరాయి 12,000 అనుకుందాం. ఓనరు 15,000 అంటున్నాడు, అంటే 25 శాతం పెంపు. మీరు 13,200 ఇస్తామన్నారు, అంటే 10 శాతం. మీరు ఖాళీ చేశాక ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉందనుకోండి. పదకొండు నెలల అగ్రిమెంట్లో పది నెలలకు 15,000 చొప్పున ఓనరుకు వచ్చేది 1,50,000. మిమ్మల్నే ఉంచుకుంటే 1,45,200. తేడా 4,800. రంగులు, ప్లంబరు, బ్రోకరు కమిషన్ కలిపితే ఆ తేడా మిగలదు. అదే మీరు ఆషాఢం ముందు ఖాళీ చేస్తే శ్రావణం దాకా టు-లెట్ బోర్డు గేటుకు వేలాడుతూనే ఉండొచ్చు. ఈ లెక్క కాగితం మీద రాసి ఓనరు ముందు పెట్టండి, "సార్, ఒకసారి చూడండి" అంటే చాలు. కిరాయిదారు కూడా తన లెక్క వేసుకోవాలి: ట్రాలీ కిరాయి, కొత్త ఇంటి అడ్వాన్స్, ఏసీ విప్పి బిగించడం, స్కూల్ ఆటో మార్చుకోవడం. అవన్నీ కూడితే నెలకు ఇంకో 500 ఎక్కువ ఇవ్వడమే నయమని చాలాసార్లు తేలుతుంది.

అంకె కుదరకపోతే అంకె చుట్టూ ఉన్నవి కదపండి. గీజర్ బాగు చేయించడం, దోమల జాలీ కొట్టించడం, రెండు విడతల్లో పెంచడం, ఏడాదికి బదులు రెండేళ్లు ఉంటామని మాట ఇవ్వడం. ఓనరుకు నిక్కచ్చిగా నెల మొదటి వారంలో కిరాయి పడటం కన్నా పెద్ద లాభం లేదు. ఆ మాట ఆయన నోటితో చెప్పడు, అంతే.

"అగ్రిమెంట్ అయిపోయి ఏడాది దాటింది. ఇప్పుడు వారంలో ఖాళీ చేయమంటున్నాడు"

కారణం: గడువు ముగిశాక కొత్త కాగితం రాయలేదు, కిరాయి మాత్రం నెలనెలా అందుతూనే ఉంది. మన దగ్గర సగం ఇళ్లు ఇలాగే నడుస్తుంటాయి.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో దీనికి జవాబుంది. గడువు తీరాక కూడా ఓనరు కిరాయి తీసుకుంటూ ఉండనిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఇల్లైనా మడిగెయైనా నెలవారీ కిరాయి కింద కొనసాగినట్టు, అది 116వ సెక్షన్. అలాంటి కిరాయిని ముగించాలంటే 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. వాట్సాప్‌లో కోపంగా పెట్టిన వాయిస్ మెసేజ్‌ను నోటీసు అనుకోవద్దు. అయితే కిరాయిదారు కూడా దీన్ని శాశ్వత హక్కు అనుకుంటే పొరపాటు. ఆ 15 రోజులు అయ్యాక ఓనరు కోర్టుకు వెళ్లొచ్చు.

గడువు నిజంగా నిన్ననే ముగిసి, ఓనరు కిరాయి తీసుకోనని ముందే చెప్పి ఉంటే సంగతి వేరు. గడువు తీరడమే లీజు ముగింపు, దానికి మళ్లీ నోటీసు అక్కర్లేదు. అందుకే మొట్టమొదట తేదీ చూడమన్నది.

పరిష్కారం చిన్నదే. ఇద్దరికీ ఇష్టమైతే ఈ వారమే కొత్త కాగితం రాసుకోండి, కాకపోతే రెండు నెలల తర్వాతి ఒక తేదీ రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. కోర్టు దగ్గర డీటీపీ షాపులో సిద్ధంగా ఉండే నమూనా తీసుకుంటే మాత్రం ఒక్కో లైను చదవండి. ఎవరిదో మియాపూర్ ఫ్లాట్ నంబరు, ఎవరిదో కార్ పార్కింగ్ షరతు మీ సుబేదారి పోర్షన్ అగ్రిమెంట్లో అలాగే కూర్చుని ఉంటాయి.

"పిల్లగాని పరీక్షల ముందే ఖాళీ చేయమంటున్నారు"

దీనికి కారణం ఓనరు చెడ్డతనం కాదు, క్యాలెండర్. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ అంటారని పదకొండు నెలలకు రాసుకోవడం అలవాటైంది. జూన్ 1న మొదలైన అగ్రిమెంట్ ఏప్రిల్ చివర ముగుస్తుంది. తర్వాతిది మే నుంచి మార్చి. ఆ తర్వాతిది ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి. ఏటా ఒక నెల వెనక్కి జరిగి, మూడో అగ్రిమెంట్ సరిగ్గా ఇంటర్, టెన్త్ పరీక్షల ముందు తీరిపోతుంది. ఇంకో రెండు రెన్యువల్స్ అయితే గడువు డిసెంబర్ చివరికి వచ్చి పడుతుంది. ఆపైన పుష్యంలో ఇల్లు మారమని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడతారు.

సరిచేయడం తేలికే. రెన్యువల్ రాసేటప్పుడు గడువు పదకొండు నెలలే ఉండాలని ఎక్కడా లేదు. ఫిబ్రవరిలో ముగిసేదాన్ని మార్చి నుంచి మే దాకా మూడు నెలలకు రాసుకుని, జూన్ నుంచి మళ్లీ కొత్తది మొదలుపెట్టండి. మే చివర ఖాళీ అయిన ఇంటికి స్కూళ్లు తెరిచే సమయంలో కిరాయిదారు దొరకడం సులువు కాబట్టి ఓనర్లు దీనికి సాధారణంగా ఒప్పుకుంటారు.

"మూడేళ్లు అయినంక ఇంకో మూడేళ్లు ఇస్తనన్నడు, ఇప్పుడు మాట మార్చిండు"

ఇది మడిగెల గొడవ. ఇళ్ల గొడవల కన్నా చేదుగా ఉంటుంది, ఎందుకంటే రాక్‌లు, ఫాల్స్ సీలింగ్, బోర్డు, గిరాకీ అన్నీ ఆ చోటికే అతుక్కుని ఉంటాయి. ఇక్కడ రెండు కారణాలు వెతకాలి.

మొదటిది రిజిస్ట్రేషన్. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయించి తీరాలి. బాండ్ పేపర్ మీద మూడేళ్లకు రాసి నోటరీ చేయించుకుంటే అది రిజిస్ట్రేషన్ కాదు. ఎర్ర సీలు, పచ్చ స్టాంపు ఎన్ని ఉన్నా అంతే. అలాంటి కాగితంలోని మూడేళ్ల గడువును, పొడిగింపు షరతును కోర్టులో పట్టుకుని నిలబడటం కుదరదు. నెలవారీ కిరాయిగానే చూస్తారు.

రెండోది మాట రాసిన తీరు. "ఇరువురి అంగీకారంతో పొడిగించుకోవచ్చును" అని ఉంటే కిరాయిదారుకు దక్కింది ఏమీ లేదు. ఓనరు అంగీకరించకపోతే అయిపోయింది. "కిరాయిదారు కోరిన పక్షంలో, గడువుకు మూడు నెలల ముందు రాతపూర్వకంగా తెలిపితే, 15 శాతం పెంపుతో మరో మూడేళ్లకు ఓనరు లీజు ఇవ్వవలెను" అని ఉంటే అది హక్కు. అదీ రిజిస్టరైన కాగితంలో, చెప్పిన గడువులోపల కోరితేనే. మూడు నెలల ముందు ఇవ్వాల్సిన లెటర్ పదిహేను రోజుల ముందు ఇచ్చి, "రోజూ చాయ్ తాగే దోస్తే కదా" అనుకుంటే నష్టపోయేది దుకాణదారే. పొడిగించిన కాలానికీ మళ్లీ లీజు రిజిస్టర్ చేయించుకోవాలి.

కాగితం బలహీనంగా ఉందని తేలితే కోర్టు కన్నా బేరమే మేలు. పెట్టిన ఖర్చు బిల్లులతో చూపించి, పెంపు కొంచెం ఎక్కువైనా ఈసారి రిజిస్టర్డ్ లీజు అడగండి. పగిడి (మడిగె దక్కించుకోవడానికి ముందే ఇచ్చే సొమ్ము) ఇచ్చి ఉంటే దానికి రసీదు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు దుకాణం అడ్రసు కింద చూపించేది కిరాయి అగ్రిమెంటే కాబట్టి పాతబడిన కాగితంతో నెట్టుకురావడం ఓనరు కన్నా వ్యాపారికే ఎక్కువ టెన్షన్.

వరంగల్ పాత బజార్లలో ఎప్పటినుంచో వెయ్యి, రెండు వేలకు నడుస్తున్న మడిగెలది వేరే దారి. కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించని కిరాయిలకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తిస్తుంది. కట్టి కొన్నేళ్లే అయిన భవనాలకు మాత్రం మినహాయింపు ఉంది. ఆ చట్టం కింద గడువు తీరిందన్న ఒక్క కారణంతో ఖాళీ చేయించలేరు. కావాలని కిరాయి ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా వేరేవాళ్లకు ఇవ్వడం, ఓనరుకు నిజంగా సొంత అవసరం ఉండటం వంటి కారణాలను రెంట్ కంట్రోలర్ ముందు రుజువు చేయాలి. 3,500 దాటితే మామూలు సివిల్ కోర్టు.

"కిరాయి సరే, కరెంటు బిల్లు దగ్గరే తెగుతలేదు"

ఒకే మీటరు మీద రెండు పోర్షన్లు ఉంటే ఇది తప్పదు. యూనిట్లు పెరిగే కొద్దీ స్లాబు రేటు పెరుగుతుంది కాబట్టి విడివిడిగా తక్కువ పడాల్సినది కలిపితే ఎక్కువ పడుతుంది. 2024లో ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వచ్చాక చిక్కు ఇంకా ముదిరింది. నెలకు 200 యూనిట్లలోపు వాడే తెల్ల రేషన్ కార్డు ఇళ్లకు, కిరాయి ఇళ్లకు కూడా, ఉచితం. కింద 130, మీద 120 వాడితే మొత్తం 250 అయి ఇద్దరికీ పోతుంది. పోర్షన్‌కో సర్వీసు కనెక్షన్ తీసుకోవడమే అసలు మందు. అది కుదిరేదాకా సబ్ మీటరు పెట్టి, నెల చివర రీడింగు ఇద్దరూ కలిసి ఫొటో తీసుకోండి.

కిరాయి తీసుకోవడం మానేశాడు, నల్లా బంద్ చేశాడు, తాళం వేస్తానంటున్నాడు

కిరాయి తీసుకోకపోవడం వెనక ఉద్దేశం రెండింటిలో ఒకటి: మీరు ఎగ్గొట్టారని చూపించడం, లేదా గడువు తీరాక కిరాయి తీసుకున్నట్టు కాకూడదని. ఏదైనా మీ పని ఒకటే. బ్యాంకులోనో యూపీఐలోనో పంపి, రిమార్క్స్‌లో ఏ నెల కిరాయో రాయండి. వెనక్కి పంపితే ఆ స్క్రీన్‌షాట్ దాచి, కిరాయి సిద్ధంగా ఉందని ఒక లెటర్ స్పీడ్ పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబర్ నుంచి స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది, కౌంటర్‌లో డెలివరీ రుజువు కావాలని అడగండి. "అడ్వాన్స్‌లో పట్టుకోండి" అని కిరాయి ఆపేయడం మాత్రం ఓనరు చేతికి మీరే కట్టె ఇచ్చినట్టు.

గడువు తీరినా సరే, కోర్టు దారిన తప్ప బలవంతంగా బయటికి పంపే అధికారం ఓనరుకు లేదు. సామాను బయట పడేస్తే, తాళం పగలగొడితే 100కు ఫోన్ చేయండి. మిగతాది సివిల్ వ్యవహారమని స్టేషన్‌లో అంటారు, అది కొంతవరకు నిజమే. కరెంటు, నీళ్లు ఆపితే ఇంజంక్షన్‌కు, అంటే అలా చేయొద్దన్న కోర్టు ఆర్డరుకు, వెళ్లొచ్చు. దౌర్జన్యంగా ఖాళీ చేయిస్తే ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి స్వాధీనం కోరవచ్చు.

ఓనరు ఇల్లు అమ్మేస్తే కొత్త ఓనరు పాత ఓనరు స్థానంలోకి వస్తాడు, మీ గడువు ఆగిపోదు. అడ్వాన్స్ ఎవరు తిరిగివ్వాలో మాత్రం ఇద్దరితోనూ రాయించుకోండి. ఓనరు పోయి, పిల్లల్లో ఒకరు ఇక్కడ, ఒకరు అమెరికాలో ఉంటే, కిరాయి ఎవరికి పంపాలో వారసులందరి సంతకంతో ఒక లెటర్ అడగడం మీ హక్కు.

"గడువు తీరింది, నోటీసు ఇచ్చిన, అయినా కదులుతలేడు"

ఇది ఓనర్ల బాధ. దావా వేసే ముందు జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థలో ఒక దరఖాస్తు పెట్టండి. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి మాట్లాడిస్తారు. కుదిరితే లోక్ అదాలత్‌లో అవార్డు, అంటే రాజీ తీర్పు, ఇస్తారు, దానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. బంధువులు, కాలనీ పెద్దమనుషులు కూర్చుని చేసిన పంచాయితీకి ఆ బలం లేదు. అక్కడ ఒప్పుకున్నవాడు మర్నాడు అడ్డం తిరిగితే చేసేదేమీ లేదు. సలహా కావాలంటే 15100కు ఫోన్ చేయొచ్చు.

అక్కడ కూర్చున్నప్పుడు "వెంటనే ఖాళీ చేయాలి" అని కాకుండా ఒక తేదీ, ఆ తేదీన అడ్వాన్స్ ఎంత తిరిగిస్తారు, ఆలస్యమైతే రోజుకు ఎంత అనే మూడు మాటలు రాయించండి. చాలామంది కదలకపోవడానికి కారణం అడ్వాన్స్ రాదేమోనన్న భయమే. కొత్త ఇంటికి కట్టాల్సింది ఆ డబ్బే మరి.

అడ్వాన్స్‌లో కోత గురించి: మామూలు వాడకంతో వచ్చే అరుగుదల కిరాయిదారు బాధ్యత కాదు. మేకు రంధ్రాలు, వెలిసిన రంగు దాని కిందికే వస్తాయి. పగిలిన వాష్ బేసిన్, ఊడిన తలుపు రావు. "రంగులకు ఒక నెల కిరాయి" అని ముందే రాసుకుని ఉంటే అది ఇవ్వాల్సిందే, రాసుకోకపోతే బేరం. తాళాలు ఇచ్చే రోజు ఇద్దరూ కలిసి గదులన్నీ వీడియో తీసి, మీటరు రీడింగు, తిరిగిచ్చిన అడ్వాన్స్, తాళాల సంఖ్య ఒకే కాగితం మీద రాసి సంతకాలు పెట్టండి. గృహజ్యోతి కోసం రేషన్ కార్డు ఆ మీటరుకు లింక్ అయి ఉంటే అదే వారంలో మార్పించుకోండి.